ఉత్తుత్తి అంతరిక్ష యాత్రలో పిల్లలు నేర్చుకునేది ఏమిటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: పన్నెండేళ్ల అమ్మాయిని బడివాళ్లు ఒక స్పేస్ ఎడ్యుకేషన్ సెంటర్‌కి తీసుకెళ్తున్నారు. అక్కడ పిల్లలతో రెండు గంటల సిమ్యులేటెడ్ మిషన్, అంటే ఉత్తుత్తి అంతరిక్ష యాత్ర, చేయిస్తారు. "రంగుల లైట్ల గదిలో కూర్చోబెట్టి బటన్లు నొక్కించడం తప్ప అందులో ఏముంది? పైగా మా అమ్మాయి నలుగురిలో నోరు విప్పదు. పంపితే లాభమా? సెలవుల్లో వారం రోజుల క్యాంపు కూడా ఉందట, దానికి డబ్బు పెట్టొచ్చా?"

పంపండి. బ్రోచర్లో రాసిన కారణాలు మాత్రం పక్కన పెట్టండి.

ఇలాంటి సెంటర్‌లో నేను పదకొండేళ్లు పనిచేశాను. మొదట తెర వెనక లైట్లూ సైరన్లూ చూసుకునే వలంటీర్‌ని, తర్వాత మిషన్లు నడిపే ఫ్లైట్ డైరెక్టర్‌ని. కాబట్టి ముందే ఒప్పుకుంటాను, మీరన్న రంగుల లైట్ల మాట నిజమే. మా నౌక గోడలు ప్లైవుడ్. సగం బటన్లకు వెనక వైరే లేదు. రాకెట్ లేచేటప్పుడు వచ్చే అదురంతా కుర్చీల కింద బిగించిన పెద్ద స్పీకర్ల పుణ్యం. పిల్లలేమీ అమాయకులు కారు, తలుపు మూసిన ఐదు నిమిషాలకల్లా ఏది ఉత్తుత్తిదో పసిగట్టేస్తారు. ఇంకో ఐదు నిమిషాలకు ఆ సంగతే మర్చిపోతారు. ఎందుకు మర్చిపోతారో చెబితే మీ ప్రశ్నకు సగం జవాబు వచ్చేసినట్టే.

దానికి కారణం మధ్యలో ఉన్న గోడ. చాలా సెంటర్లలో రెండు గదులుంటాయి. ఒకటి భూమ్మీది మిషన్ కంట్రోల్, రెండోది నౌక. క్లాసును రెండు సగాలు చేసి చెరో గదిలో కూర్చోబెడతారు. నౌకలో లైఫ్ సపోర్ట్ (బతకడానికి కావాల్సిన గాలి లాంటివి) చూసే పిల్లాడికి కంట్రోల్‌లో ఒక జోడీ ఉంటుంది. నావిగేషన్‌కి, మెడికల్‌కి, ప్రోబ్ (సమాచారం సేకరించి పంపే చిన్న నౌక) బిగించే జట్టుకి, రాళ్ల నమూనాలు పరీక్షించే జట్టుకి కూడా అలాగే. నౌకలో ఉన్నవాడి ముందు మీటర్లుంటాయి, కంట్రోల్‌లో ఉన్నవాడి ముందు పుస్తకం ఉంటుంది. మీటర్ చూసేవాడికి ఏం చేయాలో తెలీదు, పుస్తకం ఉన్నవాడికి మీటర్ కనబడదు. ఇద్దరూ మాట్లాడుకుంటే తప్ప ఏ పనీ ముందుకు జరగదు. మిషన్ సగమయ్యాక గదులు మార్చుకుంటారు. అప్పటిదాకా "కంట్రోల్ వాళ్లకి బుర్ర లేదు" అని విసుక్కున్నవాళ్లే వెళ్లి కంట్రోల్ కుర్చీల్లో కూర్చుంటారు. ఆ మొదటి మూడు నిమిషాల్లో వాళ్ల మొహాలు చూడటం నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన భాగం.

ఈ రెండు గదుల పద్ధతిని అమెరికా అంతా పాకించింది అక్కడి ఛాలెంజర్ సెంటర్ అనే సంస్థ. 1986 జనవరి 28న ఛాలెంజర్ షటిల్ లేచిన 73 సెకన్లకు ముక్కలైపోయింది, లోపలున్న ఏడుగురూ పోయారు. వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ బడి టీచర్. 11 వేల మందికి పైగా టీచర్లు దరఖాస్తు పెడితే ఎంపికైన మనిషి, కక్ష్యలోంచి పిల్లలకు పాఠాలు చెప్పాల్సినవారు. ఆ ఏడుగురి కుటుంబాలు శిలాఫలకం వేయించి ఊరుకోకుండా, ఆగిపోయిన పాఠం ఎలాగైనా పిల్లలకు అందాలని అదే ఏడాది ఒక సంస్థ పెట్టాయి. కమాండర్ డిక్ స్కోబీ భార్య జూన్ దానికి ముందు నిలిచారు. మొదటి లెర్నింగ్ సెంటర్ 1988లో హ్యూస్టన్‌లో తెరుచుకుంది. మెకాలిఫ్‌కు ఏదైనా అడ్డంకి వస్తే వెళ్లడానికి సిద్ధం చేసి ఉంచిన టీచర్ బార్బరా మోర్గాన్, ఇరవై ఒక్కేళ్లు ఆగి 2007లో ఎండీవర్ షటిల్‌లో వెళ్లి వచ్చారు.

ఇక లోపల ఏం జరుగుతుందో ఒక మిషన్ తీసుకుని చెబుతాను.

లైఫ్ సపోర్ట్‌లో ఒక అబ్బాయి. వాడి తెర మీద ఆక్సిజన్ 20.9 శాతం దగ్గర మొదలై మెల్లగా దిగుతోంది. దించేది నేనే, వెనక గదిలోంచి. వాడు మైకును పెదాలకు ఆనించేసి "ఆక్సిజన్ తగ్గిపోతోంది!" అన్నాడు. కంట్రోల్‌లో వాడి జోడీ అమ్మాయి "ఎంత?" అంది. "చాలా!" "చాలా అంటే ఎంత?" "పందొమ్మిది!" ఆ పిల్ల పుస్తకంలో పేజీ తీసి వేలితో వరస వెతికింది. మా పుస్తకంలో గీత 19.5 దగ్గర ఉంటుంది. అంతకన్నా తగ్గితే మాస్కులు పెట్టుకుని రిజర్వు సిలిండర్ తెరవాలి. తెరవమంది, వాడు తెరిచాడు. తీరా తెర మీద ఉన్నది 19.8. చుక్క తర్వాత అంకెతో పనేముందిలే అనుకున్నాడు వాడు. నలభై నిమిషాల తర్వాత నేను నిజంగా లీకు పెట్టేసరికి సిలిండర్ ఖాళీ.

ఎవరూ వాణ్ని ఏమీ అనలేదు, అనే తీరిక ఎవరికీ లేదు. కానీ ఆ తర్వాత వాడు ప్రతి అంకెనీ చుక్కతో సహా, అది శాతమో కిలోలో కూడా చెబుతూ చదివాడు. అవతలి పిల్ల దాన్ని తిరిగి అప్పజెప్పింది. "పందొమ్మిది పాయింట్ రెండు శాతం." "పందొమ్మిది పాయింట్ రెండు శాతం, విన్నాను." విమానాల్లో, ఆపరేషన్ థియేటర్లలో పెద్దవాళ్లకు పనిగట్టుకుని నేర్పే పద్ధతి ఇది. నేను నేర్పలేదు, బోర్డు మీద రాయలేదు. ఖాళీ సిలిండర్ నేర్పింది.

దశాంశ చుక్కకీ కొలతకీ ఇంత సీనుందా అనిపిస్తే 1999 గుర్తు చేసుకోండి. ఆ సెప్టెంబరులో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి మాయమైపోయింది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను తోసే చిన్న ఇంజన్ల) తోపును పౌండ్-సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది, దాన్ని అందుకున్నవాళ్లు న్యూటన్-సెకన్లు అనుకున్నారు. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. అనుకున్న ఎత్తు కన్నా చాలా కిందికి, ఉపరితలానికి సుమారు 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది నౌక. అంత చదువుకున్నవాళ్ల మధ్యే అంకె పక్కన ఉండాల్సిన మాట జారిపోయింది. ఈ కథ నేను మిషన్‌కి ముందు ఎప్పుడూ చెప్పేవాణ్ని కాను. సిలిండర్ ఖాళీ అయ్యాక చెబితే చెవికెక్కుతుంది.

అందుకే పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే మంచి సెంటర్‌లో ముందు నేర్పేది హెడ్‌సెట్‌లో మాట్లాడటం. ఎవరిని పిలుస్తున్నావో ముందు చెప్పు, నువ్వెవరో తర్వాత చెప్పు, అప్పుడు విషయం. 1969లో చంద్రుడి మీద దిగగానే ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాట వినండి: "హ్యూస్టన్, ట్రాంక్విలిటీ బేస్ హియర్." పిలుపు, పేరు, ఆ తర్వాతే కబురు. అసలు మిషన్ కంట్రోల్‌లో ఇంకో నియమం కూడా ఉంది. గదిలో ఎంతమంది ఉన్నా వ్యోమగాములతో మాట్లాడేది సాధారణంగా ఒక్క గొంతే. ఆ కుర్చీని క్యాప్‌కామ్ అంటారు, చాలాకాలం అందులో ఇంకో వ్యోమగామే కూర్చునేవాడు. అంతరిక్షంలో ఉన్నవాడికి ఏది ఎలా చెబితే అర్థమవుతుందో వాడికే బాగా తెలుసు కదా.

మాటతోనే పని జరిపించడం ఎంత కష్టమో చూడాలంటే అపోలో 13. 1970 ఏప్రిల్‌లో, భూమికి 3 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో చంద్రుడికి వెళ్తున్న ఆ నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలి, ముగ్గురు వ్యోమగాములూ చంద్రుడి మీద దిగడానికి ఉంచిన లూనార్ మాడ్యూల్‌లోకి చేరారు. అది ఇద్దరి కోసం చేసినది. వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది, దాన్ని పీల్చే డబ్బాలు అయిపోవస్తున్నాయి. వాళ్లు వదిలొచ్చిన ప్రధాన నౌక, కమాండ్ మాడ్యూల్‌లో డబ్బాలున్నాయి గానీ అవి చతురస్రం, ఇక్కడి రంధ్రాలు గుండ్రం. నేల మీది ఇంజనీర్లు నౌకలో ఉన్న సామానే ముందేసుకుని, ప్లాస్టిక్ సంచులు, అట్టలు, సూటు గొట్టాలు, టేపుతో ఒక అతుకు తయారు చేశారు. తయారీ ఒక ఎత్తు. బొమ్మ గీసి పంపడానికి లేదు కాబట్టి, టేపు ఎంత పొడవు కత్తిరించాలో, ఏ అంచు ఎటు తిప్పాలో నోటితో చెప్పి, అలసిపోయి చలికి వణుకుతున్న మనుషుల చేత కట్టించడం ఇంకో ఎత్తు. ప్రోబ్ బిగించే జట్టుకి మేమిచ్చే పని దీని చిన్న తమ్ముడే. ముక్కలు నౌకలో, బొమ్మ కంట్రోల్‌లో. "ఆ చిన్నది పెట్టు" అంటే చాలదని, "రెండు రంధ్రాల ముక్క, పొడుగు వైపు నీ వైపుకి" అనాలని పావుగంటలో కనిపెడతారు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. నలుగురిలో మాట్లాడదు అన్నారు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులూ టీచర్లూ రెండు పనులు చేస్తుంటారు, రెండూ నాకు నచ్చవు. ఒకటి, "ధైర్యం వస్తుంది" అని తీసుకెళ్లి కమ్యూనికేషన్ కుర్చీలో కూర్చోబెట్టడం. రెండోది, పాపం భయపడుతుందని రాళ్ల నమూనాల గ్లవ్ బాక్స్ (చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టె) దగ్గర ఒక మూలకు పంపడం. మొదటిది ఈత రానివాణ్ని నడిమధ్యన తోయడం, రెండోది అసలు ఒడ్డునే వదిలేయడం. నన్నడిగితే లైఫ్ సపోర్ట్ లేదా నావిగేషన్ ఇప్పించండి. అక్కడ సొంతంగా ఏమీ కల్పించి చెప్పక్కర్లేదు. తెర మీద అంకె ఉంటుంది, దాన్ని చదవాలి. మాట కోసం వెతుక్కునే బాధ ఉండదు. పైగా ఆ అంకె ఆ పిల్ల దగ్గర మాత్రమే ఉంటుంది, గదిలో ఇంకెవరికీ కనబడదు. గట్టిగా అరిచే పిల్లలు కూడా నోరు మూసుకుని ఆమె చెప్పేదాకా ఆగాల్సిందే. నోట్లో నాలుక లేదనుకున్న పిల్లలు అరగంటకి "ఆగండి, నా అంకె ఇంకా చెప్పలేదు" అనడం నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఇంటికి వెళ్లాక మళ్లీ మామూలే అయిపోవచ్చు, రెండు గంటల్లో మనిషి మారిపోదు. కానీ తన గొంతు ఒకసారి పనికొచ్చిందని తెలిసిన పిల్లకి, తెలియని పిల్లకి తేడా ఉంటుంది.

కొన్ని చోట్ల మిషన్‌కి ముందు పిల్లల చేత ఉద్యోగ దరఖాస్తులు నింపిస్తారు, ఏ కుర్చీ కావాలో ఎందుకో రాయమంటారు. టీచర్ కుర్చీలు పంచేది వాటిని చూసే. మీ అమ్మాయి చేత ఆ కాగితం శ్రద్ధగా రాయించండి. కెప్టెన్ లేదా కమాండర్ అని రాసేవాళ్లు ఎలాగూ సగం మంది ఉంటారు.

అత్యవసర పరిస్థితుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఇంటికొచ్చి మొదట చెప్పేది దాని గురించే. ఎర్ర లైట్లు, సైరను, ఉల్క తగిలింది, రేడియేషన్ పెరిగింది, ఏదో ఒకటి. వెనక గదిలో కూర్చుని వీటిని ఎప్పుడు వదలాలో చూసుకునేది ఫ్లైట్ డైరెక్టర్. ఇది పిల్లలను హడలగొట్టడానికి కనిపెట్టినదని చాలామంది అనుకుంటారు. అసలైన మిషన్ కంట్రోల్ కూడా ఇలాగే తయారైంది. అపోలో 11కి ముందు రిహార్సల్స్‌లో, సమస్యలు వదలడమే ఉద్యోగమైన రిచర్డ్ కూస్ బృందం ఒకరోజు చంద్రుడి మీద దిగే నౌక కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం అలారం పెట్టింది. గైడెన్స్ చూసే స్టీవ్ బేల్స్‌కి అదేమిటో తెలియక దిగడం రద్దు చేయించాడు. అది రద్దు చేయాల్సిన అలారం కాదని తర్వాత తేలింది. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ఊరుకోలేదు, ఉన్న అలారాలన్నిటికీ ఏం చేయాలో రాసి పెట్టమన్నాడు. జాక్ గార్మన్ అనే కుర్ర ఇంజనీరు ఆ పట్టీ తయారు చేసుకున్నాడు. జులై 20న నిజంగా దిగుతుండగా 1202 అలారం మోగింది. గార్మన్ పట్టీ చూసి పర్వాలేదన్నాడు, బేల్స్ "గో" అన్నాడు, ఈగిల్ నౌక చంద్రుడి మీద దిగింది. రిహార్సల్‌లో తప్పు చేయకపోయుంటే ఆ పట్టీ ఉండేదే కాదు.

కాబట్టి నాకు పిల్లల మిషన్లలో ఒక పద్ధతి మీద ఎప్పుడూ పేచీనే. చాలా సెంటర్లలో ఏం చేసినా చివరికి మిషన్ గెలుస్తుంది. సిలిండర్ ఖాళీ అయినా ఎక్కడినుంచో ఆక్సిజన్ వచ్చేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. బడివాళ్లు డబ్బు కట్టారు, పిల్లలు ఏడుస్తూ బస్సెక్కకూడదు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. అయినా పన్నెండేళ్ల పిల్లలు మనం అనుకున్నదానికన్నా గట్టివాళ్లు. ప్రోబ్ సగం సమాచారం మాత్రమే పంపిందనో, దిగాల్సిన చోట కాకుండా పక్కన దిగారనో చెబితే తట్టుకుంటారు. ఎందుకలా అయిందని కొట్లాడుకుంటారు కూడా. ఆ కొట్లాటే కావాలి. సెంటర్‌ని ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి: "పిల్లలు తప్పు చేస్తే మిషన్‌లో ఏమైనా మారుతుందా?" జవాబు చెప్పేటప్పుడు వాళ్లు నసిగితే మీకు అర్థమైపోతుంది.

అలాగని హద్దు లేదని కాదు. ఆ హద్దు నేనొకసారి దాటాను. మెడికల్ జట్టుకి "సహచరుడు స్పృహ తప్పాడు, ఊపిరి అందట్లేదు" అని కబురు వదిలాను. రోజూ వదిలేదే. ఆ రోజు ఆ కుర్చీలో ఉన్న పిల్ల హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. కొన్ని వారాల కిందటే వాళ్లింట్లో ఎవరో అలాగే పోయారట. టీచర్‌కి తెలుసు, నేను అడగలేదు. అప్పటినుంచి మిషన్ ముందురోజు టీచర్‌కి నేనే ఫోన్ చేసేవాణ్ని, ఏ పిల్లకి ఏ విషయం తగలకూడదో అడిగి రాసుకునేవాణ్ని. మీ అమ్మాయికి అలాంటిదేమైనా ఉంటే, చీకటి గదులంటే, హఠాత్తు శబ్దాలంటే, మూసిన తలుపులంటే భయముంటే ముందే చెప్పేయండి. సైరన్ తగ్గించడం, తలుపు ఓరగా ఉంచడం మాకు చిటికెలో పని.

ఇక వారం రోజుల క్యాంపు. ఈ మాట అనగానే అందరికీ గుర్తొచ్చేది అలబామా హంట్స్‌విల్‌లో 1982 నుంచి నడుస్తున్న స్పేస్ క్యాంప్. అక్కడ తొమ్మిదేళ్ల నుంచి పద్దెనిమిది దాకా వయసులవారీగా కార్యక్రమాలున్నాయి. మూడు రింగుల మధ్య కట్టేసి అన్ని వైపులకీ గిరగిరా తిప్పే యంత్రం, చంద్రుడి మీద నడిచినట్టు ఎగిరే స్ప్రింగ్ కుర్చీ, వీటి ఫొటోలే బ్రోచర్ల నిండా. చంద్రుడి మీద బరువు ఆరోవంతే, కాబట్టి 42 కిలోల పిల్ల 7 కిలోల పిల్లలా ఎగురుతుంది. సరదా సరదానే. అయితే ఆ గిరగిర యంత్రం జాతర రంగులరాట్నం కోసం పుట్టింది కాదు. అమెరికా మొదటి వ్యోమగాములైన మెర్క్యురీ జట్టు 1960లో ఇలాంటి దాంట్లోనే కూర్చుని, తిరుగుతున్న నౌకను ఆపడం సాధన చేసింది. 1966 మార్చిలో జెమిని 8 నౌక ఒక థ్రస్టర్ ఇరుక్కుపోయి సెకనుకు దాదాపు ఒక చుట్టు తిరుగుతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని అదుపులోకి తెచ్చాడు. పిల్లల క్యాంపులో ఆ ఆపే పని ఉండదు, తిరగడమే ఉంటుంది. ఫొటోలో ఈ తేడా కనబడదు.

ఆ క్యాంపుకి వెళ్లినవాళ్లలో నిజంగా అంతరిక్షంలోకి వెళ్లినవాళ్లున్నారు. డాటీ మెట్‌కాఫ్-లిండెన్‌బర్గర్, కేట్ రూబిన్స్, ఇటలీకి చెందిన సమంతా క్రిస్టోఫొరెట్టి. ఈ పేర్లు చూపించి "మీ అమ్మాయి కూడా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 2021లో నాసా వ్యోమగాములను ఎంపిక చేసినప్పుడు 12 వేలకు పైగా దరఖాస్తులొస్తే తీసుకున్నది పదిమందిని. వ్యోమగామి అవుతుందని క్యాంపుకి డబ్బు పెట్టడం అరచేతిలో వైకుంఠం. వారం రోజులు కొత్త పిల్లలతో కలిసి, ఒకే మిషన్‌ని మళ్లీ మళ్లీ చేసి, రెండో రోజు తప్పుని నాలుగో రోజు దిద్దుకునే అవకాశం కోసమైతే పెట్టొచ్చు. ఆ లెక్కన టైంటేబుల్ తెప్పించుకుని చూడండి. మ్యూజియం చుట్టడాలు, సినిమాలు, సావనీర్ దుకాణం తీసేస్తే మిషన్ గంటలు ఎన్ని మిగిలాయి? ఒక పిల్ల ఎన్ని మిషన్లలో, ఎన్ని వేరువేరు కుర్చీల్లో కూర్చుంటుంది? వారం మొత్తానికి ఒకే మిషన్ అయితే బడివాళ్లు తీసుకెళ్లే రెండు గంటలే నయం.

ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువిక గురించి కూడా ఇలాంటి చోట్ల అడుగుతుంటారు. అది వేరే జాతి. తొమ్మిదో తరగతి పిల్లలను ఎంపిక చేసి ఇస్రో కేంద్రాలకు తీసుకెళ్లి శాస్త్రవేత్తల చేత చెప్పించి, ల్యాబులు చూపిస్తారు. ఉత్తుత్తి నౌక దాని ముఖ్యోద్దేశం కాదు. మీ అమ్మాయికి ఇంకా రెండేళ్లు టైముంది, గుర్తుపెట్టుకోండి.

మూడో రకం ఒకటుంది, నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది. ఇక్కడ నౌక ఒక కథలో ఉంటుంది. యుటా రాష్ట్రంలోని ప్లెజంట్ గ్రోవ్‌లో విక్టర్ విలియమ్సన్ అనే టీచర్ 1990లో ఒక ప్రాథమిక పాఠశాలలో మొదలుపెట్టిన క్రిస్టా మెకాలిఫ్ స్పేస్ ఎడ్యుకేషన్ సెంటర్ ఈ కోవలోది. కెప్టెన్, ఇంజనీరు, సెన్సార్లు చూసేవాడు, అందరూ కలిసి ఏదో గ్రహానికి వెళ్తారు, దారిలో ఎవరో ఎదురవుతారు, వాళ్లతో మాట్లాడి ఒప్పించాలి. ఇందులో సైన్సు పలచన అని పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. నిజమే, పలచనే. కానీ ఎవరి ప్రాణం ముందు కాపాడాలి, ఇచ్చిన మాట తప్పొచ్చా లాంటి ప్రశ్నల మీద పదకొండేళ్ల పిల్లలు అంత సీరియస్‌గా వాదించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇలాంటి చోట్ల అసలు బంగారం వలంటీర్ కార్యక్రమం. మిషన్ చేసి వెళ్లిన పిల్లలే కాస్త పెద్దయ్యాక తిరిగొచ్చి తెర వెనక పనిచేస్తారు. లైట్లు, సౌండ్, అవతలి నౌక కెప్టెన్ గొంతు, మేకప్, కొత్త పిల్లలకు శిక్షణ. నేను వచ్చింది ఈ దారినే. డబ్బు కట్టి నాలుగుసార్లు క్యాంపుకి వెళ్లిన పిల్లాడికన్నా, ఒక ఏడాది శనివారాలు వెనక గదిలో కూర్చున్న పిల్లకి ఎక్కువ తెలుస్తుంది. గాజు వెనక నుంచి ఇరవైమంది ఎలా అలజడి పడుతున్నారో, ఎవరు ఎవరి మాట వినట్లేదో అంతా కనబడుతుంది. మీ దగ్గరున్న సెంటర్‌లో అలాంటిది ఉందేమో, ఏ వయసు నుంచి తీసుకుంటారో అడగండి. ఉంటే క్యాంపు డబ్బు దాచేసుకోండి.

ఈ వ్యవహారమంతా పిల్లలాటే అనిపిస్తే ఒక మాట. 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా మాస్కోలో ఆరుగురు మగవాళ్లు 520 రోజులు ఒక మూసిన గొట్టాల్లాంటి గదుల్లో ఉండి అంగారక యాత్ర అభినయించారు. 2023 జూన్‌లో హ్యూస్టన్‌లో నలుగురు అంగారకుడి మీద ఉన్నట్టే ఒక ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుని, 378 రోజుల తర్వాత 2024 జులైలో బయటికొచ్చారు. ఆ ఇల్లు త్రీడీ ప్రింటర్‌తో కట్టింది, బయట ఎర్ర ఇసుక పోశారు. ప్లైవుడ్ నౌకలో మా పిల్లలు చేసేదానికీ దానికీ తేడా నిడివిలోనూ పరికరాల్లోనూ ఉంది. మూసిన గదిలో మనిషికి మనిషి మాట ఎంతవరకు చేరుతుందన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే. అన్నట్టు, అంగారకుడి నుంచి మాట ఇక్కడికి చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. మేమొకసారి పిల్లల మిషన్‌లో కేవలం ఇరవై సెకన్ల ఆలస్యం పెట్టి చూశాం. మొదటి ఐదు నిమిషాలు ఒకరి మీద ఒకరు మాట్లాడి గందరగోళం చేశారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒకే సందేశంలో మూడు విషయాలు కట్టి పంపడం మొదలుపెట్టారు.

వెళ్లేముందు ఇంట్లో చేయించదగ్గ సాధన ఒకటే, పావుగంట చాలు. మీరూ మీ అమ్మాయీ వీపులు ఆనించి కూర్చోండి. ఇద్దరి దగ్గరా ఒకే రకం బిల్డింగ్ బ్లాకులు పన్నెండు. ఒకరు ఏదో ఒకటి కట్టి, మాటల్లో చెప్పి అవతలివాళ్ల చేత అదే కట్టించాలి. మొదటిసారి ప్రశ్నలు అడగకూడదు. రెండోసారి అడగొచ్చు. రెండింటి తేడా చూశాక ఇంకేమీ వివరించక్కర్లేదు. గ్రహాల పేర్లు, రాకెట్ భాగాలు బట్టీ పట్టించకండి, లోపల వాటితో పెద్దగా పనుండదు.

తిరిగొచ్చాక "బాగుందా?" అని అడిగితే "ఆఁ" అంటుంది, అక్కడితో అయిపోతుంది. "నీకు తెలిసి అవతలి గదికి తెలియనిది ఏముంది? అది వాళ్లకెలా చెప్పావు? వాళ్లు వేరేలా అర్థం చేసుకున్నది ఏదైనా ఉందా?" అని అడగండి. మంచి సెంటర్‌లో మిషన్ అవగానే పావుగంట కూర్చోబెట్టి సరిగ్గా ఇవే అడుగుతారు. బస్సు టైమైందని ఆ పావుగంట కోసేసే బడులున్నాయి. వీలైతే టీచర్‌తో ఆ సంగతి ముందే మాట్లాడండి, అది పోతే సగం మిషన్ పోయినట్టే.

చివరగా చిన్న సంగతి. కళ్లజోడు ఉంటే దానికి వెనక తాడు కట్టి పంపండి. గ్లవ్ బాక్స్‌లో రెండు చేతులూ పెట్టాక అది ముక్కు మీద నుంచి జారిపోతుంటే పైకి తోసుకోవడానికి చేయి ఖాళీ ఉండదు.